నీ కథలో దిండు తీసెయ్ తమ్ముడూ, నీళ్లు ఉంచు

ప్రశ్న: అక్కా, మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. ఆరేళ్లుగా బెంగళూరులో టెస్టింగ్ జాబ్, మారతహళ్లిలో పీజీలో ఉంటున్నా. మూడేళ్లలో పద్నాలుగు కథలు రాశాను. పోటీలకి పంపితే ఒక్కదానికీ ప్రైజ్ రాలేదు. ఫ్రెండ్స్‌కి చూపిస్తే 'బాగుంది బ్రో, కానీ కొంచెం సీరియల్ లాగుంది' అంటారు, ఎక్కడ అని అడిగితే చెప్పలేరు. యూట్యూబ్‌లో 'చెప్పొద్దు, చూపించు' అంటుంటారు, సగమే అర్థమైంది. క్రికెట్‌కి నెట్ ప్రాక్టీస్ ఉన్నట్టు కథలకి ప్రాక్టీస్ అనేది ఉంటుందా? ఆఫీస్ అయ్యాక రోజుకో గంట దొరుకుతుంది. ఒక కథ జత చేస్తున్నా, మొహమాటం లేకుండా చెప్పండి.

జవాబు:

తమ్ముడూ, కథ రెండుసార్లు చదివా. మొదటిసారి ఊరికే, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. వయసులో నాకంటే చాలా చిన్నోడివి కాబట్టి నువ్వు అనేస్తున్నా, ఏమనుకోకు.

మిగతావాళ్ల కోసం కథేంటో ముందు చెప్పేస్తా. ఊర్లో టమాటా పండించే నాయన కంటి చెకప్ కోసం బెంగళూరొస్తాడు, కొడుక్కి ఆఫీసులో రిలీజ్ ఉంది లీవ్ దొరకదు, ఆటో ఎక్కించి ఒక్కడినే ఆస్పత్రికి పంపిస్తాడు, నాయన రెండ్రోజులుండి వెళ్లిపోతాడు, వెళ్లాక దిండు కింద రెండు వేల రూపాయలూ ఒక చీటీ దొరుకుతాయి, కొడుకు కుమిలి కుమిలి ఏడ్చి నాన్న ప్రేమ సముద్రం లాంటిదని తెలుసుకుంటాడు. శుభం.

మీవాళ్లు సీరియల్ అన్నది ఈ దిండు గురించే. పాపం వాళ్లకి చెప్పడం రాలేదంతే. అలాంటి చీటీ మన తెలుగు కథల్లో ఇప్పటికి ఎన్ని దిండ్ల కింద, ఎన్ని ట్రంకు పెట్టెల్లో దొరికిందో లెక్కపెట్టలేం. చదివేవాడికి దిండు కనపడగానే చీటీ కనపడిపోతుంది.

కానీ నాలుగో పేజీలో ఒక చోట ఆగిపోయాను. పీజీలో ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ చూసి నాయన 'ఈ నీళ్లు కూడా కొంటారా?' అని అడిగి, తాగగా గ్లాసులో మిగిలిన సగం నీళ్లని పారబోయకుండా మళ్లీ సీసాలో పోశాడు అని రాశావు చూడు, అది కథ. బోర్లు ఎండిపోయే నేల మీంచి వచ్చిన మనిషి, దాదాపు 100 కిలోమీటర్ల అవతల్నించి కావేరిని పంపు చేసుకుని తాగే ఊర్లో నిలబడి, గ్లాసులో నీళ్లని వెనక్కి పోస్తున్నాడు. ఒక్క విశేషణం లేదు, ఒక్క కన్నీటి బొట్టు లేదు. నువ్వు మాత్రం అక్కడ ఒక్క సెకను కూడా ఆగకుండా 'నాన్న అమాయకత్వం చూసి నాకు జాలేసింది' అని ఇంకో వాక్యం తగిలించి ముందుకెళ్లిపోయావు, ఆ రెండో వాక్యంతో మొదటిది చచ్చిపోయింది.

నీ జబ్బల్లా ఇదే, మిగతా పదమూడు కథల్లోనూ ఇదే ఉంటుందని నా అనుమానం. నీకు చూడటం వచ్చు, చూసినదాన్ని నమ్మడం రాలేదు. పాఠకుడికి ఎక్కడ అర్థం కాదో అని పక్కనే కూర్చుని చెవిలో చెప్తున్నావు. నేనేం తక్కువ తినలేదులే. పెళ్లయి ఈ ఊరొచ్చిన కొత్తలో నేనో కథ పంపితే ఒక ఎడిటర్ గారు తిరిగి పంపించారు, ఉత్తరం లేదు ఏం లేదు, చివరి పదకొండు లైన్ల మీద అడ్డంగా ఒక పెన్సిల్ గీత, అంతే. ఆరు నెలలు ఆయన్ని తిట్టుకున్నా. ఆ తర్వాత ఒకరోజు ఆ పదకొండు లైన్లని చేత్తో మూసి చదివితే కథ బాగుంది, ఖర్మ.

నువ్వడిగిన నెట్ ప్రాక్టీస్ ఉంది. కాకపోతే ఒక షరతు. మూడు నెలలు కథ రాయకు. పేజీలు రాయి. రోజుకొక పేజీ, ఎవరికీ పంపకూడదు, మొదలూ చివరా ఉండక్కర్లేదు. కథ అనుకుని కూర్చుంటే నీ చెయ్యి దిండు కిందకే పోతుంది.

మొదటి ఎక్సర్‌సైజు పేరు విని నవ్వుకోకు, అవధానంలోంచి తెచ్చా. అష్టావధానంలో నిషిద్ధాక్షరి ఉంటుంది కదా, అవధాని ఒక్కో అక్షరం చెప్తుంటే పక్కన పృచ్ఛకుడు కూర్చుని తర్వాత ఫలానా అక్షరం రాకూడదని అడ్డం పడుతుంటాడు, ఆయన వేరే దారి వెతుక్కుని పద్యం పూర్తిచేస్తాడు. మనకి అక్షరాలొద్దు, మాటలు చాలు. ఒక కాగితం మీద నీ నిషిద్ధపదాలు రాసి గోడకి అంటించు: బాధ, జాలి, ప్రేమ, కన్నీళ్లు, గుండె, మౌనం, ఒంటరి, జ్ఞాపకం, నిట్టూర్పు. ఇప్పుడు ఈ సీను రాయి. కిలో నాలుగైదు రూపాయలకి అడిగితే ఇవ్వలేక మార్కెట్ బయట టమాటా పారబోసొచ్చిన మనిషి, వారం తర్వాత మారతహళ్లిలో ఏసీ షాపులో ట్రేలో పెట్టి ప్లాస్టిక్ చుట్టిన నాలుగు టమాటాల మీద స్టిక్కర్ చదువుతున్నాడు. అంతే. పారబోసిన సంగతి పేజీలో ఎక్కడా రాకూడదు, ఆ తొమ్మిది మాటలూ రాకూడదు. ఆయన ట్రే ఎలా పట్టుకున్నాడు, కింద వైపు తిప్పి చూశాడా, ఏ జాతి కాయో గుర్తుపట్టాడా, సెక్యూరిటీ వాడు ఎందుకు దగ్గరికొచ్చాడు, ఇవే రాయాలి. మనసులో ఉన్నదాన్ని పేరు పెట్టి చెప్పకుండా కళ్లెదుటి వస్తువుతో చెప్పించే ఈ పద్ధతి నేను కనిపెట్టిందేం కాదు, అమెరికాలో క్రియేటివ్ రైటింగ్ టీచర్లు పిల్లల చేత ఎన్నో ఏళ్లుగా చేయిస్తున్నదే. టమాటా ఒక్కటే నాది.

దత్తపది కూడా చెయ్యొచ్చు. నాలుగు పదాలిచ్చి ఫలానా విషయం మీద పద్యం చెప్పమంటారు చూడు, అలాగ. నీ రూమ్మేట్‌ని నాలుగు వస్తువుల పేర్లు అడుగు, వాడు ఏం చెప్తే అవే. మొన్న మా అమ్మాయిని అడిగితే ఇడ్లీ పిండి, గేట్ పాస్, దుప్పటి, స్క్రూడ్రైవర్ అంది. ఈ నాలుగూ ఉన్న గదిలో ఇద్దరు మనుషులు, ఒకరు వెళ్లిపోవాలి, ఇంకొకరికి పంపడం ఇష్టం లేదు. నాలుగో వస్తువు ఎక్కడ పట్టిద్దామా అని బుర్ర కొట్టుకుంటుంటే సెంటిమెంట్‌కి టైం దొరకదు, దీనివల్ల లాభం అదే.

ఇక అసలు దానికొద్దాం. కథ ఎవరి కళ్లతో చూస్తున్నాం అనేది. దీన్ని ఇంగ్లీషు పుస్తకాల్లో ఫస్ట్ పర్సన్ థర్డ్ పర్సన్ అని చాప్టర్లు చాప్టర్లు చెప్తారు, చదివి మనవాళ్లు అదే వల్లిస్తారు, కానీ తెలుగులో ఈ పని సగం మనిషిని పిలిచే మాటే చేసేస్తుంది, దాన్ని ఎవరూ వాడుకోరు. చూడు. 'వృద్ధుడు బస్సు దిగాడు' అంటే ఎవరి కళ్లూ లేవు, పేపర్లో వార్త. 'ముసలాయన దిగాడు' అంటే కండక్టర్ చూస్తున్నాడు. 'పెద్దాయన దిగారు' అంటే పీజీ ఓనరు. 'నాయన దిగినాడు' అంటే నువ్వు, అదీ ఊర్లో ఉన్నప్పటి నువ్వు. 'మా ఫాదర్ దిగారు' అంటే ఆఫీస్ కొలీగ్స్ పక్కనున్నప్పటి నువ్వు. దిగింది ఒక్కడే! నీ కథలో కొడుకు ఫోన్లో టీమ్ లీడ్‌తో 'మా ఫాదర్ వచ్చారు' అనీ, ఫోన్ పెట్టేసి 'నాయనా, తిన్న్యావా?' అనీ అంటే చాలు, వాడికి ఏం సిగ్గుగా ఉందో ఎక్కడ సిగ్గుగా ఉందో పాఠకుడు పట్టేస్తాడు. నువ్వు దానికోసం ఒకటిన్నర పేజీ ఖర్చుపెట్టావు.

అందుకని ఒక వారం పాటు ఒకే సీను, ఆ నీళ్ల గ్లాసు సీనే తీసుకో, ఒకరోజు 'వాడు' అని రాయి, ఒకరోజు 'అతను' అని, ఒకరోజు 'ఆయన' అని, ఒకరోజు 'నేను' అని, ఒకరోజు 'నువ్వు' అని. ఊరికే మాట మార్చి మిగతాది కాపీ పేస్ట్ చేస్తే కుదరదు. 'ఆయన' అని రాస్తే క్రియలు మారతాయి, దూరం మారుతుంది, వెటకారం చెయ్యడానికి చెయ్యి రాదు. 'తను' అనేది ఇంకా గమ్మత్తైంది. 'అతను రాడని చెప్పాడు' అంటే రానిది ఎవరో సందేహం రావచ్చు, 'తను రానని చెప్పాడు' అంటే చెప్పినవాడే. అంటే తను అన్నప్పుడల్లా నువ్వు ఆ మనిషి లోపల కూర్చుంటున్నావన్నమాట. ఈమధ్య మాటల్లో ఎవర్ని పడితే వాళ్లని తను అనేస్తున్నాం కదా, మావారు కూడా పక్కింటావిడని తను అంటారు, కథలో మాత్రం కొంచెం పొదుపుగా వాడు.

కళ్ల గురించే ఇంకో మాట, ఇది నీ కథలో పెద్ద చిల్లు. కథ కొడుకు చెప్తున్నాడు, నేను నేను అని. నాయన ఆస్పత్రికి వెళ్లినప్పుడు కొడుకు ఆఫీసులో ఉన్నాడు. మరి ఆస్పత్రిలో క్యూ, నర్సు విసుక్కోవడం, నాయన మనసులో అనుకున్నది, ఇదంతా రెండు పేజీలు ఎవరు చూశారు? నువ్వు సినిమా చూస్తున్నట్టు రాశావు, కెమెరాకి ఎక్కడికైనా వెళ్లే హక్కుంటుంది, నీ 'నేను'కి లేదు. అయితే ఆ రెండు పేజీలు తీసేస్తే కథ పోతుందని భయపడకు. మన భాషలో 'అట' అని ఒక చిన్న ముక్క ఉంది. రాత్రి కొడుకు వచ్చేసరికి నాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. 'డాక్టరు బాగా చూసినాడట. ఏమీ లేదన్నాడట. మధ్యాన్నం ఆడనే క్యాంటీన్లో అన్నం తిన్నాడట.' ఇలా రాసి ఊరుకో. అట అన్నప్పుడల్లా నేను చూడలేదు, ఆయన చెప్తే విన్నాను, నిజమో కాదో నాకు తెలీదు అని కొడుకు ఒప్పుకుంటున్నట్టే. మూడో అట దగ్గరికొచ్చేసరికి పాఠకుడికి నాయన అన్నం తినలేదని తెలిసిపోతుంది, అసలు ఆస్పత్రికి వెళ్లాడా లేదా అని కూడా డౌటొస్తుంది, కొడుక్కి వచ్చిందో లేదో నువ్వు చెప్పక్కర్లేదు. ఇది ఇంగ్లీషులో రాసేవాళ్లకి ఇంత చవగ్గా దొరకదు, మనం వాడుకోకపోతే మన తప్పు.

'చెప్పొద్దు, చూపించు' గురించి అడిగావు కదా. నిషిద్ధపదాలతో పేజీలు రాస్తే అదేంటో చేతికే తెలుస్తుంది, విడిగా పాఠం అక్కర్లేదు. కానీ దాన్ని వేదం చేసుకోకు. అన్నీ చూపించాలని కూర్చుంటే నాయన బస్సెక్కడానికే ఏడు పేజీలు పడుతుంది. కట్టె కొట్టె తెచ్చె అని మొత్తం రామాయణాన్ని మూడు మాటల్లో చెప్పిన జాతి మనది, చెప్పడం తప్పెలా అవుతుంది? ఎక్కడ చెప్పాలి ఎక్కడ ఆగాలి అన్నదే తెలియాలి. దీనికొక ప్రాక్టీసుంది, పదేళ్ల కాలాన్ని ఐదు లైన్లలో రాయి, ఆ వెంటనే ఐదు నిమిషాల్ని ఒక పేజీ రాయి, రెండూ ఒకే మనిషి గురించి. నువ్వు ఇప్పుడు చేస్తున్నది దీనికి సరిగ్గా రివర్స్, ఆటో బేరం ఒక పేజీ, నీళ్ల గ్లాసు ఒక లైను. ఫ్లాష్‌బ్యాక్ గురించి ఒకే ముక్క: కిటికీ దగ్గర నిలబడి గతంలోకి జారుకోవడం మూడు నెలలు నిషిద్ధం.

సంభాషణలకి నువ్వు ఖర్చు లేకుండా స్కూలుకి పోవచ్చు, 335ఈ ఎక్కితే చాలు. మెజెస్టిక్ నుంచి కాడుగోడి వైపు వెళ్లే ఆ బస్సులో మారతహళ్లి దాకా ఎన్ని తెలుగులు వినపడతాయో నీకు తెలుసు, అనంతపురం, కడప, నెల్లూరు, శ్రీకాకుళం, మధ్యలో కన్నడం, మధ్యలో పుట్టిందే బెంగళూరులో కాబట్టి 'స్వల్ప జరగండి' అనే తెలుగు. హెడ్‌ఫోన్స్ తీసి విను, వేరేవాళ్ల ఫోన్లు వినడం మర్యాద కాదనుకో, కానీ అరిచి మాట్లాడేవాళ్లది మనం వినకుండా ఉండలేం కదా. దిగాక పది లైన్లు గుర్తున్నంత రాసుకో, పేర్లు మార్చెయ్. ఒక సంగతి గమనిస్తావు, మనుషులు అడిగినదానికి జవాబు చెప్పరు. 'డబ్బులు పంపినావా?' అంటే 'వానలెట్టున్నాయి ఆడ?' అంటారు. నీ కథలో అందరూ కోర్టులో సాక్షుల్లాగ అడిగిందానికల్లా పూర్తి వాక్యాల్లో జవాబిస్తున్నారు. పైగా మీ నాయన 'ఎక్కడికి వెళ్తున్నావు బాబూ?' అంటున్నాడు! మదనపల్లె పక్క పల్లెటూరి మనిషి అలా అంటాడా? నిజం చెప్పు. 'యాడికి పోతాండావు రా' అని రాస్తే పోటీవాళ్లకి అర్థం కాదని భయమా, నామోషీనా? వాళ్లకి అర్థమవుతుంది. అర్థం కాని మాట ఒకటీ అరా ఉన్నా కథ వెనకే వాళ్లు నడుస్తారు. అయితే యాసలో రాస్తున్నాం కదా అని ప్రతి అక్షరం వంకర తిప్పి రాయకు, క్రియ దగ్గర, పిలుపు దగ్గర పట్టుకుంటే చాలు.

బస్సంటే గుర్తొచ్చింది, 1947లో రేమాన్ క్వెనో అనే ఫ్రెంచాయన ఒక పుస్తకం వేశాడు. ప్యారిస్ బస్సులో ఒకడు తోటి ప్రయాణికుడితో చిన్న గొడవ పెట్టుకుంటాడు, తర్వాత అదే మనిషి రైల్వే స్టేషన్ దగ్గర కనపడతాడు, స్నేహితుడు వాడి కోటు బటన్ గురించి ఏదో చెప్తుంటాడు. ఇంతే, దీన్ని ఆయన 99 రకాలుగా రాశాడు. కలలాగ, ఆఫీసు ఉత్తరంలాగ, వెనక నుంచి ముందుకి, ఇలా. నువ్వు 99 రాయక్కర్లేదు, నీ 335ఈలో చిల్లర దగ్గర కండక్టర్‌తో జరిగిన గొడవని ఐదు రకాలుగా రాయి. పోలీస్ కంప్లైంట్‌లాగ ఒకటి, అమ్మకి ఫోన్లో చెప్పినట్టు ఒకటి, కండక్టర్ ఇంటికెళ్లి పెళ్లాంతో చెప్పినట్టు ఒకటి. నాలుగోదీ ఐదోదీ నువ్వే వెతుక్కో, మొదటి మూడూ ఎవరికైనా తడతాయి, నీ గొంతు ఎక్కడైనా దొరికితే నాలుగోదాంట్లోనే దొరుకుతుంది.

గంట అన్నావు, అందులో నలభై నిమిషాలు రాయి, మిగతా ఇరవై చదువు. చదవడమంటే స్క్రోల్ చెయ్యడం కాదు, నీకు నచ్చిన కథలోంచి ఒక పేజీ చేత్తో నోట్‌బుక్‌లో ఎక్కించు. చిన్నప్పుడు కాపీరైటింగ్ చేసినట్టే. బోరు కొడుతుంది, తెలుసు, నాకూ కొట్టింది, కానీ ఎనిమిదో పేజీ దగ్గర ఒక విషయం తట్టింది, నా వాక్యాలన్నీ ఆడు, ఇంది, ఆరు అని ఒకే చోట గుద్దుకుని ఆగుతున్నాయని. తెలుగులో క్రియ చివర పడుతుంది కాబట్టి పక్కపక్కన పది వాక్యాలు పెడితే డప్పు కొట్టినట్టు అవుతుంది, మంచి రచయితలు మధ్యలో క్రియ లేని వాక్యం ఒకటి పడేస్తారు, లేదా వెళ్లి, చూసి, కూర్చుని అంటూ పొడుగ్గా లాగుతారు. చెవితో కంటే చేత్తో ఇది తొందరగా తెలుస్తుంది.

చెవి కూడా కావాలిలే. రాసిన పేజీని వారం పక్కన పెట్టి, ఫోన్లో వాయిస్ రికార్డ్ చేసుకుని బస్సులో విను. పీజీలో గట్టిగా చదివితే రూమ్మేట్స్ ఆటపట్టిస్తారు, మేడ మీదకెళ్లి చదువు. వింటుంటే నీకే ఎక్కడ సిగ్గేస్తుందో అక్కడ పెన్సిల్ గీత పెట్టు. నాకా పని ఒక ఎడిటర్ చేసిపెట్టారు, ఇప్పుడెవరికీ అంత తీరిక లేదు, నీది నువ్వే గీసుకోవాలి.

పోటీల సంగతి మూడు నెలల తర్వాత మాట్లాడుకుందాం. ఈలోపు నాకు కథ పంపకు. ఆ నీళ్ల గ్లాసు సీను పంపు, ఒక పేజీ, కొడుకు కళ్లతో. జాలేసింది అన్న వాక్యం ఉండకూడదు, దిండు ఉండకూడదు. నాయన సీసా మూత పెట్టేటప్పుడు కొడుకు ఎటు చూస్తున్నాడో మాత్రం నాకు కావాలి, అది నువ్వు పంపిన కథలో రాయలేదు.